నిద్రపోయిన డివైజ్ మళ్లీ లేవట్లేదా? లినక్స్ డ్రైవర్‌లో సస్పెండ్, రెజ్యూమ్ సరిచేసే పద్ధతి

అమీర్‌పేట్‌లో ఎంబెడెడ్ కోర్సు చేస్తున్న పిల్లల నుంచి మాదాపూర్, గచ్చిబౌలి వైపు చిప్ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్ల దాకా నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "అన్నా, మా డ్రైవర్ మామూలుగా బాగానే పనిచేస్తుంది. సిస్టమ్ ఒక్కసారి నిద్రపోయి లేచిందంటే డివైజ్ పలకదు. ఎక్కడ చూడాలి?" ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఇదే ఇంకోలా అడుగుతారు. నాగోల్‌లో మెట్రో ఎక్కేముందు మూత మూసి బ్యాగులో పెడితే, రాయదుర్గంలో దిగేసరికి బ్యాగు కాలిపోతోంది, బ్యాటరీ సగానికి పడిపోయింది, ఎందుకని.

డ్రైవర్ అంటే ఒక డివైజ్‌ను నడిపే కోడ్, లినక్స్ కెర్నల్‌లో భాగంగా నడుస్తుంది. అందులో సిస్టమ్ పడుకునేటప్పుడు నడిచేది సస్పెండ్ ఫంక్షన్, లేచేటప్పుడు నడిచేది రెజ్యూమ్. డివైజ్ లేవలేదంటే అందరూ రెజ్యూమ్ ఫంక్షన్‌లోనే తవ్వుతారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా పడుకోబెట్టేటప్పుడే జరిగి ఉంటుంది, లేచాక బయటపడుతుంది, అంతే. అందుకే ఊహించి కోడ్ మార్చడం మానేసి, దశలవారీగా ఏ మెట్టు దగ్గర జారుతోందో పట్టుకోవాలి. కింద ఉన్నదంతా ఆ పద్ధతే.

కమాండ్లు, ఫైళ్లు, ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. కాన్ఫిగ్‌తో మొదలయ్యే ఆప్షన్లు, పీఎం_ఆప్స్‌తో ముగిసే మ్యాక్రోలు మాత్రం పెద్ద అక్షరాల్లో.

కావలసినవి

- పాడైనా ఫరవాలేదనుకునే మెషీన్: పాత ల్యాప్‌టాప్ గానీ, సస్పెండ్ చేయగల బోర్డు గానీ. రోజూ ఆఫీసు పని చేసుకునే ల్యాప్‌టాప్ మీద ఈ ప్రయోగాలు వద్దు. లేవకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వస్తుంది, సేవ్ చేయని పని పోతుంది.
- బోర్డు అయితే యూఎస్‌బీ-సీరియల్ కేబుల్. కోఠి గుజరాతీ గల్లీలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగినా ఇస్తారు. 3.3 వోల్టులదా, 5 వోల్టులదా అడిగి తీసుకోండి. 3.3 వోల్టుల పిన్నుకు 5 వోల్టులు తగిలిస్తే బోర్డే పోవచ్చు.
- కాన్ఫిగ్_పీఎం_స్లీప్, కాన్ఫిగ్_పీఎం_డీబగ్, కాన్ఫిగ్_పీఎం_స్లీప్_డీబగ్, కాన్ఫిగ్_పీఎం_అడ్వాన్స్‌డ్_డీబగ్ ఆన్ చేసి కట్టిన కెర్నల్.
- రూట్ అనుమతి, ఆర్‌టీసీవేక్ కమాండ్. ఇది యుటిల్-లినక్స్ ప్యాకేజీలో వస్తుంది, చాలా డిస్ట్రోల్లో ముందే ఉంటుంది.

చేతిలో రాస్ప్‌బెర్రీ పై 4 మాత్రమే ఉందంటే దాని మీద సస్పెండ్-టు-ర్యామ్ ప్రయత్నించి టైమ్ వృథా చేసుకోకండి, అది చేయదు. దానికంటే క్యూఈఎంయూలో (కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే నడిపే ప్రోగ్రామ్) ఎక్స్86 వర్చువల్ మెషీన్ పెట్టుకోవడం మేలు. లోపల నిద్రపుచ్చి, క్యూఈఎంయూ మానిటర్‌లో సిస్టమ్_వేకప్ అని కొడితే లేస్తుంది. కాల్‌బ్యాక్‌లు (ఒక్కో దశలో కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్లు) ఏ వరసలో నడుస్తాయో నేర్చుకోవడానికి అది చాలు. చిప్‌కు టిక్కులిచ్చే నిజమైన క్లాకులు, వోల్టేజీ ఇచ్చే రెగ్యులేటర్ల సమస్యలు మాత్రం అందులో కనపడవు.

1. మీ సిస్టమ్ ఏ నిద్ర పోతోందో ముందు తెలుసుకోండి

క్యాట్ /సిస్/పవర్/స్టేట్
క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్

రెండోదాంట్లో ఎస్2ఐడిల్, డీప్ అని కనపడవచ్చు. చదరపు బ్రాకెట్‌లో ఉన్నదే ఇప్పుడు అమల్లో ఉన్నది. డీప్ అంటే ర్యామ్ తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు తీసేసే నిద్ర. ఎస్2ఐడిల్ అంటే అన్నీ ఐడిల్‌లోకి వెళ్లి ఊరుకోవడం, కరెంటు పూర్తిగా పోదు. ఈమధ్య వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంటుంది. మెట్రోలో వేడెక్కిన బ్యాగుల్లో చాలావాటి కథ ఇదే. ఏదో ఒక డివైజ్ లోతు నిద్రలోకి వెళ్లకపోతే మొత్తం చిప్ మేలుకునే ఉంటుంది.

ఇక్కడ జరిగే పొరపాటు: డీప్‌లో బాగా పనిచేసిన డ్రైవర్‌ను ఎస్2ఐడిల్‌లో పరీక్షించకపోవడం. దాని తలకిందులు ఇంకా ప్రమాదం. ఎస్2ఐడిల్‌లో చిప్‌కు కరెంటు పోదు కాబట్టి రిజిస్టర్లు (చిప్ లోపలి సెట్టింగ్ విలువలు) అలాగే ఉంటాయి, రిస్టోర్ కోడ్ రాయకపోయినా డ్రైవర్ నడిచిపోతుంది. డీప్ ఉన్న బోర్డు మీద పెట్టిన రోజు బండారం బయటపడుతుంది. రెండూ ఉంటే రెండింట్లోనూ పరీక్షించండి.

2. లాగ్ పోకుండా చూసుకోండి

బూట్ లైన్‌లో ఈ రెండూ చేర్చండి: నో_కన్సోల్_సస్పెండ్, ఇనిట్‌కాల్_డీబగ్. మొదటిది లేకపోతే మీకు బాగా అవసరమైన క్షణంలోనే సీరియల్ కన్సోల్ నిద్రపోతుంది. రెండోది ఉంటే ఏ డివైజ్ కాల్‌బ్యాక్ ఎంతసేపు తీసుకుందో ఒక్కొక్కటిగా రాస్తుంది. రీబూట్ చేయడం కుదరకపోతే ఆ సమయాల కోసం /సిస్/పవర్/పీఎం_ప్రింట్_టైమ్స్‌లో 1 రాయండి. /సిస్/పవర్/పీఎం_డీబగ్_మెసేజెస్‌లో కూడా 1 రాస్తే ఇంకొంచెం వివరం వస్తుంది.

3. డ్రైవర్‌లో కాల్‌బ్యాక్‌లు సరిగ్గా రాయండి

సిద్ధాంతం ఇక్కడికి కావలసినంతే. నిద్రపోయేటప్పుడు ప్రిపేర్, సస్పెండ్, సస్పెండ్_లేట్, సస్పెండ్_నోఐఆర్‌క్యూ అనే నాలుగు దశలు. లేచేటప్పుడు రెజ్యూమ్_నోఐఆర్‌క్యూ, రెజ్యూమ్_ఎర్లీ, రెజ్యూమ్, కంప్లీట్. పిల్లలు పడుకున్నాకే అమ్మ లైటు ఆర్పినట్టు, ముందు చైల్డ్ డివైజ్‌లు, తర్వాత పేరెంట్ నిద్రపోతాయి. లేచేటప్పుడు వరస తిరగబడుతుంది. మామూలు డ్రైవర్‌కు సస్పెండ్, రెజ్యూమ్ రెండు చాలు. లేట్, నోఐఆర్‌క్యూ దశలు ఇంటరప్ట్ కంట్రోలర్, క్లాక్, బస్ కంట్రోలర్ లాంటివాటికి. ఇంటరప్ట్ అంటే డివైజ్ సీపీయూను పిలిచే సిగ్నల్, ఐఆర్‌క్యూ అన్నా అదే. "నాది ముందే లేవాలి" అన్న తొందరతో మామూలు సెన్సర్ కోడ్‌ను నోఐఆర్‌క్యూలో పెట్టకండి.

5.17 కెర్నల్ నుంచి డిఫైన్_సింపుల్_డెవ్_పీఎం_ఆప్స్ మ్యాక్రోతో రెండు ఫంక్షన్లూ కట్టి, పీఎం_స్లీప్_పీటీఆర్ ద్వారా డ్రైవర్‌కు ఇవ్వడమే సులువు. అంతకంటే పాత కెర్నల్ అయితే సింపుల్_డెవ్_పీఎం_ఆప్స్. హైబర్నేషన్‌కు కావలసిన ఫ్రీజ్, థా, పవరాఫ్, రెస్టోర్‌లకు కూడా ఈ మ్యాక్రోలు అవే ఫంక్షన్లు పెడతాయి.

సస్పెండ్ ఫంక్షన్‌లో వరస ఇలా ఉండాలి:

అ) కొత్త పని రాకుండా తలుపు వేయండి. అంటే క్యూ ఆపడం, యూజర్ వైపు నుంచి వచ్చే రిక్వెస్టులు నిలపడం.
ఆ) నడుస్తున్న పని ముగిసేదాకా ఆగండి. క్యాన్సిల్_వర్క్_సింక్, టైమర్ ఉంటే దాని సింక్ రూపం. సింక్ లేనిది వాడితే వర్క్ ఇంకో సీపీయూ మీద నడుస్తూనే ఉండొచ్చు.
ఇ) డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా డివైజ్ నేరుగా మెమరీతో చేసే కాపీ) ఆపండి, ఆగిందని స్టేటస్ రిజిస్టర్ చదివి తేల్చుకోండి.
ఈ) ఇంటరప్ట్ సంగతి చూడండి. దీని గురించి కింద విడిగా చెప్తాను.
ఉ) రిజిస్టర్లు దాచుకోండి. రెగ్‌మ్యాప్ (రిజిస్టర్ విలువలను క్యాష్‌లో ఉంచగల కెర్నల్ పొర) వాడుతుంటే రెగ్‌క్యాష్_క్యాష్_ఓన్లీని ట్రూ చేసి, రెగ్‌క్యాష్_మార్క్_డర్టీ పిలవండి.
ఊ) చివరగా క్లాక్, ఆ తర్వాత రెగ్యులేటర్ ఆపండి.

రెజ్యూమ్‌లో అదంతా వెనకనుంచి: రెగ్యులేటర్, క్లాక్, డేటాషీట్ చెప్పినంత ఆలస్యం, అవసరమైతే రీసెట్, క్యాష్_ఓన్లీ ఫాల్స్, రెగ్‌క్యాష్_సింక్, ఇంటరప్ట్, ఆఖర్న క్యూ. చిప్ అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు ఉందనుకుని రాయండి. ఏ రిజిస్టర్‌లో పాత విలువ మిగిలి ఉంటుందనీ ఆశ పెట్టుకోకండి.

హెచ్చరిక: సస్పెండ్ ఫంక్షన్ సున్నా కాక మరేదైనా తిరిగిస్తే మొత్తం సిస్టమ్ నిద్ర రద్దవుతుంది. మీ చిన్న సెన్సర్ వల్ల ఫోన్ బ్యాటరీ రాత్రంతా కరిగిపోవచ్చు. నిజంగా నిద్రపోకూడని పరిస్థితి ఉంటేనే మైనస్ ఈబిజీ ఇవ్వండి. రెజ్యూమ్‌లో ఎర్రర్ ఇస్తే కెర్నల్ లాగ్‌లో రాసి ముందుకెళ్లిపోతుంది, ఎవరూ ఆగరు. అందుకే రెజ్యూమ్ ఎర్రర్ సందేశాన్ని మీరే స్పష్టంగా రాయాలి.

*రన్‌టైమ్ పీఎం ఉన్న డ్రైవర్లు*

రన్‌టైమ్ పీఎం అంటే సిస్టమ్ మేలుకునే ఉన్నా, పనిలేని డివైజ్‌ను ఒక్కదాన్నే పడుకోబెట్టడం. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. సిస్టమ్ సస్పెండ్ మొదలయ్యేసరికే మీ డివైజ్ రన్‌టైమ్ సస్పెండ్‌లో ఉండొచ్చు, అంటే క్లాక్ ఆగిపోయి ఉంటుంది. అప్పుడు రిజిస్టర్ ముట్టుకుంటే చాలా ఆర్మ్ చిప్‌ల మీద బస్ ఎర్రర్ వస్తుంది, లేదా లాగ్‌లో ఒక్క ముక్క లేకుండా బోర్డు బిగుసుకుపోతుంది. రెండు దారులున్నాయి:

- రన్‌టైమ్ కాల్‌బ్యాక్‌లు ఎలాగూ క్లాక్, రిజిస్టర్ల సంగతి చూసుకుంటుంటే, సిస్టమ్ నిద్రకు పీఎం_రన్‌టైమ్_ఫోర్స్_సస్పెండ్, పీఎం_రన్‌టైమ్_ఫోర్స్_రెజ్యూమ్ వాడేయండి. చిన్న డ్రైవర్లకు నేను చెప్పేది ఇదే.
- వేకప్ సెట్టింగ్ లాంటిది రిజిస్టర్‌లో రాయాల్సి ఉంటే, సస్పెండ్ మొదట్లో పీఎం_రన్‌టైమ్_రెజ్యూమ్_అండ్_గెట్ పిలిచి, పని అయ్యాక పుట్ చేయండి.

గెట్ అంటే డివైజ్ వాడుకలో ఉందని చెప్పే లెక్కను ఒకటి పెంచడం, పుట్ అంటే తగ్గించడం. పాత పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ ఫెయిలైనా ఆ లెక్క ఒకటి పెంచేస్తుంది. ఎర్రర్ దారిలో పుట్_నోఐడిల్ మరిచిపోతే ఆ డివైజ్ ఇక ఎప్పటికీ రన్‌టైమ్ నిద్ర పోదు. రెజ్యూమ్_అండ్_గెట్ వచ్చింది ఈ బాధ తప్పించడానికే. ఇంకొకటి: సస్పెండ్_లేట్ దశ వచ్చేసరికి కెర్నల్ రన్‌టైమ్ పీఎంను ఆపేస్తుంది. ఆ తర్వాత, నిద్రలో ఉన్న డివైజ్ మీద గెట్ పిలిస్తే మైనస్ 13 (మామూలుగా "అనుమతి లేదు" అనే ఎర్రర్ నంబర్) వస్తుంది. లాగ్‌లో 13 కనపడితే ఫైల్ పర్మిషన్లు వెతక్కండి.

*ఇంటరప్ట్: అసలు చిక్కు*

ఒక ఉదాహరణ దగ్గరగా చూడండి. ఐ2సీ (రెండు తీగల బస్) మీద టచ్ కంట్రోలర్, లెవెల్-లో ఇంటరప్ట్ (లైన్ కింద ఉన్నంతసేపూ వస్తూనే ఉంటుంది), థ్రెడెడ్ హ్యాండ్లర్ (ఇంటరప్ట్ పనిని విడి థ్రెడ్‌లో చేసే ఫంక్షన్). వేలు తగిలితే సిస్టమ్ లేవాలి కాబట్టి సస్పెండ్‌లో ఎనేబుల్_ఐఆర్‌క్యూ_వేక్ పిలిచారు, అంతటితో వదిలేశారు. వేలు తగిలింది, సిస్టమ్ లేచింది. నోఐఆర్‌క్యూ దశ దాటగానే కెర్నల్ ఇంటరప్ట్‌లు తెరుస్తుంది. వెంటనే హ్యాండ్లర్ పరిగెత్తి ఐ2సీ మీద స్టేటస్ చదవబోతుంది. కానీ ఆ బోర్డులో ఐ2సీ కంట్రోలర్ రెజ్యూమ్ ఇంకా నడవలేదు. లాగ్‌లో "ట్రాన్స్‌ఫర్ వైల్ సస్పెండెడ్" అని పడుతుంది. చదవడం కుదరలేదు కాబట్టి టచ్ చిప్ లైన్‌ను వదలదు, లైన్ కిందే ఉంటుంది, ఇంటరప్ట్ మళ్లీ మళ్లీ వస్తుంది. లక్షలో 99,900 ఇంటరప్ట్‌లను ఎవరూ తమవి అనకపోతే కెర్నల్ "నోబడీ కేర్డ్" అని రాసి ఆ లైన్‌నే మూసేస్తుంది. ఇక రీబూట్ చేసేదాకా టచ్ లేదు. రెజ్యూమ్ ఫంక్షన్‌ను ఎన్నిసార్లు చదివినా అందులో తప్పు దొరకదు, ఎందుకంటే అందులో తప్పు లేదు.

మందు: సస్పెండ్‌లో డిసేబుల్_ఐఆర్‌క్యూ పిలవండి, డివైస్_మే_వేకప్ అవునంటే ఎనేబుల్_ఐఆర్‌క్యూ_వేక్ కూడా పిలవండి. రెజ్యూమ్‌లో చిప్ సిద్ధమయ్యాక వేక్ తీసేసి, ఎనేబుల్_ఐఆర్‌క్యూ. ఇంటరప్ట్ డిసేబుల్ అయి ఉన్నా వేక్ పనిచేయాలి, కెర్నల్ నియమం అదే. అయినా మీ ఇంటరప్ట్ చిప్ డ్రైవర్ ఆ నియమం పాటిస్తోందో లేదో ఎస్2ఐడిల్‌లో ఒకసారి చూసుకోండి. పాటించకపోతే ప్రత్యామ్నాయం ఉంది. ఇంటరప్ట్‌ను తెరిచే ఉంచి, పై భాగపు హ్యాండ్లర్‌లో (ఇంటరప్ట్ రాగానే మొదట నడిచేది) డిసేబుల్_ఐఆర్‌క్యూ_నోసింక్‌తో లైన్ మూసేసి, "నిద్రలో ఉండగా వచ్చింది" అని ఒక ఫ్లాగ్ పెట్టుకోండి. అసలు పనిని రెజ్యూమ్ చివర్లో చేయండి, అప్పుడే లైన్ తెరవండి.

ప్రోబ్‌లో (డివైజ్ దొరికినప్పుడు మొదట నడిచే డ్రైవర్ ఫంక్షన్) డివైస్_ఇనిట్_వేకప్ మరిచిపోతే డివైస్_మే_వేకప్ ఎప్పుడూ కాదనే అంటుంది. "వేక్ పనిచేయట్లేదు" అని వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది ఇదే.

4. మెట్టు మెట్టుగా దిగండి

నేరుగా నిజమైన నిద్రలోకి పంపకండి. ముందు ఇలా:

ఎకో ఫ్రీజర్ > /సిస్/పవర్/పీఎం_టెస్ట్
ఎకో మెమ్ > /సిస్/పవర్/స్టేట్

ఆ మెట్టుదాకా వెళ్లి, 5 సెకన్లు ఆగి, దానంతటదే వెనక్కి వస్తుంది. బాగుంటే ఫ్రీజర్ బదులు డివైసెస్, తర్వాత ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్. ఎస్2ఐడిల్‌లో చివరి రెండూ వర్తించవు, అక్కడ అవి పెడితే కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక రాసి, నిద్రపోకుండా ఎర్రర్ ఇస్తుంది.

ఎక్కడ ఆగిందో చూసి ఇలా అర్థం చేసుకోండి:

- ఫ్రీజర్‌లోనే ఆగితే ఏదో ప్రాసెస్ గానీ కెర్నల్ థ్రెడ్ గానీ గడ్డకట్టడానికి ఒప్పుకోవట్లేదు. మామూలుగా 20 సెకన్లు చూసి వదిలేస్తుంది, ఆ టాస్క్ పేరు లాగ్‌లో ఉంటుంది. మీ థ్రెడ్‌ను ఫ్రీజబుల్ చేశారా? అయితే లూప్‌లో ట్రై_టు_ఫ్రీజ్ ఉందా చూడండి.
- డివైసెస్‌లో ఆగితే సస్పెండ్ లేదా రెజ్యూమ్ కాల్‌బ్యాక్. తప్పుల్లో సింహభాగం ఇక్కడే.
- డివైసెస్ దాటి ప్లాట్‌ఫామ్‌లో ఆగితే లేట్, నోఐఆర్‌క్యూ కాల్‌బ్యాక్‌లు లేదా ఫర్మ్‌వేర్ వైపు.
- అన్నీ దాటి నిజమైన నిద్రలోనే పోతే, కరెంటు పోయాక మీరు రిస్టోర్ చేయనిది ఏదో మిగిలింది. పీఎం_టెస్ట్‌లో కరెంటు పోదు, గుర్తుంచుకోండి. ఇందులో పాసైతే పని అయిపోయిందనుకోవద్దు.

ఒక్కోసారి పనిచేసి, ఒక్కోసారి చేయకపోతే /సిస్/పవర్/పీఎం_అసింక్‌లో 0 రాసి మళ్లీ పరీక్షించండి. అప్పుడు బాగైతే రెండు డివైజ్‌ల మధ్య ఆధారం ఉన్నట్టు కెర్నల్‌కు తెలియదన్నమాట. పేరెంట్-చైల్డ్ కాని సంబంధాన్ని డివైస్_లింక్_యాడ్‌తో చెప్పండి. 0 అలాగే వదిలేసి "సరిచేశాం" అని రాసే ప్యాచ్‌లు చూశాను, అది సరిచేయడం కాదు.

5. నిజమైన నిద్ర

పీఎం_టెస్ట్‌లో మళ్లీ నన్ అని రాయండి. ఇది మరిచిపోయి "నిద్రపోయిన 5 సెకన్లకే లేస్తోంది" అని తల పట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తర్వాత:

ఆర్‌టీసీవేక్ -ఎమ్ మెమ్ -ఎస్ 20

20 సెకన్ల తర్వాత గడియారం లేపుతుంది. లేవకపోతే, సీరియల్ కేబుల్ కూడా లేకపోతే, ఎక్స్86 మెషీన్ మీద ఇంకో ఉపాయం ఉంది. /సిస్/పవర్/పీఎం_ట్రేస్‌లో 1 రాసి నిద్రపుచ్చండి. బిగుసుకున్నాక పవర్ ఆపి, రెండు మూడు నిమిషాల్లోపే బూట్ చేసి, కెర్నల్ లాగ్‌లో (డీఎంఈఎస్‌జీ కమాండ్) "హ్యాష్ మ్యాచెస్" అన్న వరస వెతకండి. ఆఖరుగా ముట్టుకున్న డివైజ్ పేరు అక్కడ ఉంటుంది. హెచ్చరిక: ఇది ఆ సమాచారాన్ని గడియారం చిప్‌లోనే రాస్తుంది కాబట్టి మీ తేదీ, టైమ్ చెడిపోతాయి. పని అయ్యాక టైమ్ సరిచేయండి, లేకపోతే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు కూడా తిరగబడతాయి.

6. దానంతటదే లేస్తోందా?

క్యాట్ /సిస్/పవర్/పీఎం_వేకప్_ఐఆర్‌క్యూ చూడండి. వచ్చిన నంబర్‌ను /ప్రాక్/ఇంటరప్ట్స్‌లో వెతికితే ఎవరు లేపారో తెలుస్తుంది. ఇంకా వివరం కావాలంటే /సిస్/కెర్నల్/డీబగ్/వేకప్_సోర్సెస్. ల్యాప్‌టాప్ అయితే /ప్రాక్/ఏసీపీఐ/వేకప్‌లో ఎనేబుల్డ్ అని ఉన్నవి ఒక్కొక్కటే ఆపి చూడండి. బ్యాగులో మౌస్ డాంగిల్ అలాగే వదిలేశారేమో మొదట చూడండి, యూఎస్‌బీ వేకప్‌తో లేచేవి చాలానే ఉన్నాయి.

లేవకుండానే బ్యాటరీ తినేస్తుంటే, అది ఎస్2ఐడిల్‌లో లోతుకు వెళ్లట్లేదు. ఇంటెల్ మెషీన్ మీద డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (/సిస్/కెర్నల్/డీబగ్) పీఎంసీ_కోర్ కింద ఎస్‌ఎల్‌పీ_ఎస్0_రెసిడెన్సీ_యూసెక్ ఫైల్‌ను నిద్రకు ముందు, తర్వాత చదవండి. అంకె పెరగలేదంటే ఏదో డివైజ్ మొత్తం చిప్‌ను మేల్కొలిపే ఉంచింది.

7. సరిగ్గా అయ్యిందని ఎలా తేల్చుకోవాలి

ఒకసారి లేచిందని ప్యాచ్ పంపకండి. ఆర్‌టీసీవేక్‌ను లూప్‌లో పెట్టి కనీసం 100 సార్లు తిప్పండి. సాయంత్రం ఇంటికెళ్లేముందు పెట్టి, పొద్దున చూసుకుంటే సరిపోతుంది. ఎండాకాలం కరెంటు పోయే ఏరియా అయితే బోర్డును యూపీఎస్ మీద పెట్టండి, లేకపోతే పొద్దున కనపడేది రెజ్యూమ్ ఫెయిలా, కరెంటు కోతా అర్థం కాదు.

తర్వాత /సిస్/పవర్/సస్పెండ్_స్టాట్స్ లోపల సక్సెస్, ఫెయిల్ అంకెలు చూడండి. ఫెయిల్ సున్నా కాకపోతే లాస్ట్_ఫెయిల్డ్_డెవ్, లాస్ట్_ఫెయిల్డ్_స్టెప్, లాస్ట్_ఫెయిల్డ్_ఎర్నో మూడూ కలిపి చదివితే ఏ డివైజ్, ఏ దశ, ఏ కారణం అన్నది తేలిపోతుంది. పాత కెర్నల్‌లో ఇదే సమాచారం డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో సస్పెండ్_స్టాట్స్ అన్న ఒకే ఫైల్‌గా ఉంటుంది.

అంకెలు బాగున్నా డివైజ్ నిజంగా పనిచేస్తోందా అన్నది వేరే ప్రశ్న. లూప్‌లో ప్రతిసారీ లేచాక దానితో ఒక నిజమైన పని చేయించండి: సెన్సర్ అయితే విలువ చదవడం, నెట్‌వర్క్ అయితే పింగ్, ఆడియో అయితే ఒక చిన్న ఫైల్ ప్లే చేయడం. ఖాళీగా ఉన్నప్పుడే కాదు, డివైజ్ పనిలో ఉండగా కూడా నిద్రపుచ్చండి. పాట మోగుతుండగా, ఫైల్ కాపీ అవుతుండగా. క్యాన్సిల్_వర్క్_సింక్ మరిచిన డ్రైవర్లు ఇక్కడే దొరుకుతాయి.

చివరగా, లూప్ అంతా అయ్యాక డివైజ్‌ను కాసేపు కదపకుండా వదిలేసి, దాని పవర్ డైరెక్టరీలో రన్‌టైమ్_స్టేటస్, రన్‌టైమ్_యూసేజ్ చదవండి. స్టేటస్ సస్పెండెడ్ అని, యూసేజ్ 0 అని ఉండాలి. యూసేజ్ 1 దగ్గరే నిలబడితే ఏదో దారిలో గెట్‌కు పుట్ జత కాలేదు. 100 దరిదాపుల్లో ఉంటే ప్రతి రెజ్యూమ్‌కూ ఒక గెట్ మిగిలిపోతోంది, నేరుగా రెజ్యూమ్ ఫంక్షన్ తెరిచి చూడండి.